ఎముకకు పట్టిన కుళ్లు

మార్గశిర శుద్ధ తదియ

ఈ ఏడు మంచు తొందరగా దిగింది. పొద్దున లేవగానే ఆస్పత్రి తెప్పను పక్క తెప్పకు కట్టే మోకులు చూసుకున్నాను. కెరటాల ఊపుకు ఒకటి సడలింది, బిగించాను. ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. సూర్యుడే కనిపించనప్పుడు ఎంత తుడిచినా చార్జింగ్ ఎక్కదు, అయినా అలవాటు. వెనక్కి తిరిగేసరికి తలుపు ముందు బల్ల మీద అక్క కూర్చుని ఉంది, కుడి చెవిని అరచేత్తో మూసుకుని.

మా అక్క పేరు నూకరత్నం. రేవులంక తెప్పల మీద అందరూ కేకరత్నం అంటారు. మా అమ్మమ్మ కాలంలో ఆకాశమంతా తుక్కు కమ్ముకుని రేడియోలు మూగబోయాయి. అప్పటి నుంచీ మంచులో పడవలను ఇంటికి చేర్చేది మనిషి గొంతే. మా తెప్పల చుట్టూ నీళ్లలో పాత పట్నం మేడలు మునిగి ఉన్నాయి. వాటి కొన తగిలిందంటే పడవ అడుగు చీరుకుపోతుంది. సైరన్ మోగిస్తే ఊరెక్కడుందో తెలుస్తుంది గాని, మేడ ఎక్కడుందో తెలియదు. అందుకని, ఏ మేడ ఎక్కడుందో నోటికొచ్చిన అక్క రేవులో ఎత్తుగా కట్టిన కేకగూడు ఎక్కి, ఇత్తడి వినుగొట్టం చెవిలో దోపుకుని, పడవ మీద కొట్టే డప్పు ఎటు నుంచి వస్తోందో విని, పెద్ద బాకాలోంచి దారి చెబుతుంది. ఎడమకు తిప్పు. నిదానం. ఆగు. ఇప్పుడు రా. ఆ గొంతు వింటే చాలు, రేవులో ఎదురుచూసే ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేస్తారు.

నేను గట్టు మీద, గట్టి నేల ఉన్న చోట, ఏళ్ల తరబడి చదివి చెవి, ముక్కు, గొంతు డాక్టరునై తిరిగొచ్చిన రోజున మా అమ్మ రేవులో అందరికీ చెప్పిన మాట ఇది: "మా రత్నం సెల్లెలొచ్చింది."

"ఏటక్కా, ఏమైంది?" అన్నాను.

"సెవి పోటే బాగీ. దవడలోకి లాగేత్తంది. కణతలోకి కూడాను."

చూశాను. చెవి దారి వాచి, తడిగా, ఎర్రగా ఉంది. గొట్టం ఒరుసుకున్న గీరుడు కూడా ఉంది. అక్కకు చక్కెర జబ్బు. వేలు పొడిచి చూస్తే ఉండాల్సినదానికి రెండింతలుంది. చుక్కల మందు వేసి, వత్తి పెట్టి, కొన్నాళ్లు గొట్టం ఎడమ చెవికి మార్చుకోమన్నాను.

"ఎడం సెవికి దూరం అందదే," అంది, నాకు తెలియదన్నట్టు. చెవి డాక్టరుని నేను.

మార్గశిర బహుళ విదియ

చెవి బాగుపడింది. వాపు తీసింది, చీము ఆగింది. నొప్పి మాత్రం పెరిగిందంటుంది అక్క. పడుకుంటే మరీ ఎక్కువట, కళ్లు మూత పడనీయదట.

నాకు చిరాకేసింది. వైద్యం చేసిన చెవి నా కళ్లెదుట శుభ్రంగా కనిపిస్తోంది. ఇక నొప్పేమిటి? ఊరంతా వచ్చి పరామర్శిస్తుంటే మా అక్కకు నొప్పి తగ్గదని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఒకసారి మా ఇద్దరికీ జ్వరం వస్తే అమ్మ దాని మంచం పక్కనే కూర్చుంది. దాని గొంతు పాడవుతుందేమోనని భయం. నా గొంతు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు నా కూతురు అలివేణి కూడా అక్క దగ్గరే ఉంటోంది. చదువు ముగించి నాకు సాయం చేస్తుందనుకున్నాను. పొద్దున లేస్తే పెద్దమ్మ, మాపటికి పెద్దమ్మ. కేకగూట్లో కూర్చుని డప్పుల దిక్కు కనిపెట్టడం నేర్చుకుంటోందట. ఇంటికొచ్చి అన్నం తింటూ, "అమ్మా, పెద్దమ్మ నొప్పికి పళ్లు బిగబట్టి కేకేస్తోంది. నువ్వు సరిగ్గా చూశావా?" అంది.

సరిగ్గా చూశావా! కంచం ముందు నుంచి లేచి వచ్చేశాను.

మార్గశిర అమావాస్య

అలివేణి మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. నా చూపులో లోపం లేదని రుజువు చేసుకోవాలనే పంతంతోనే అక్కను మళ్లీ పిలిచాను. ప్రేమతో పిలిచానని రాస్తే అబద్ధమవుతుంది.

ఈసారి సన్నని దీపపు గొట్టంతో చెవి లోపలి దాకా వెళ్లాను. చెవి దారిలో మెత్తటి భాగం ముగిసి ఎముక మొదలయ్యే చోట, అడుగున, గురివింద గింజంత ఎర్రటి కండ మొలిచి ఉంది. దాన్ని చూడగానే అన్నీ ఒకదానికొకటి అతికాయి. చక్కెర జబ్బు, వయసు, బాగుపడినట్టు కనిపించే చెవి, దానికి పొంతన లేని నొప్పి. ఈ జబ్బు గురించి పుస్తకంలో చదివాను గాని ఇన్నేళ్లలో ఒక్కరిలోనూ చూడలేదు. చెవిలో మొదలైన సూక్ష్మజీవి సన్నని సందుల్లోంచి కిందికి దిగి పుర్రె అడుగు ఎముకను పట్టుకుంటుంది. ఆ ఎముకకు ఉన్న కన్నాల్లోంచే ముఖాన్ని కదిలించే నరం, మింగించే నరం, గొంతు పలికించే నరం బయటికి వస్తాయి.

ఆ కండ ముక్కను కొంచెం తీసి పరీక్షకు పెట్టాను. ఇలాంటి చోట కేన్సరు కూడా ఇదే వేషం వేస్తుంది. రక్తంలో వాపు సూచించే లెక్క నూరు దాటింది. స్కాన్ తీయాలంటే బ్యాటరీల్లో బలం లేదు.

అలివేణి తెప్ప తెప్పకూ తిరిగి చెప్పిందట. మధ్యాహ్నానికి ప్రతి ఇంటి నుంచీ ఒక బ్యాటరీ మోసుకొచ్చి ఆస్పత్రి గుమ్మంలో పెట్టారు. వంటింటి దీపాలార్పుకుని, మంచినీటి యంత్రాలాపుకుని. ఎంత కృతజ్ఞత ఉండాలి నాకు! వాటిని వరసగా తగిలిస్తూ నేననుకున్నది, నాకే జబ్బు చేస్తే వీళ్లలో ఎందరు తెచ్చేవారని.

స్కాన్‌లో కుడి చెవి కింది ఎముక చెదలు తిన్న కర్రలా ఉంది.

పుష్య శుద్ధ పంచమి

ముక్కలో కేన్సరు లేదు. దూది పుల్లతో తీసిన చెవి తుడుపులో సూడోమోనాస్ పెరిగింది, ఈ జబ్బుకు పేరుమోసిన సూక్ష్మజీవి. రక్తనాళంలోకి మందు మొదలుపెట్టాను. వారాల తరబడి ఎక్కించాలి, నొప్పి తగ్గినా ఆపకూడదు. చక్కెరకు ఇన్సులిన్ పెంచాను. ఇవన్నీ చెప్పి చివర అసలు మాట చెప్పాను.

"కేకగూడు ఎక్కకూడదక్కా. గొట్టం ఆ చెవిని తాకకూడదు. ఉప్పుతేమ తగలకూడదు."

అక్క నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో లెక్క సరిపోయినట్టు తలూపింది.

"ఇన్నాళ్లకి నీ సేతికి సిక్కాను కదే బాగీ."

"అదేం మాట?"

"నాకు తెలీదనుకున్నావా ఏటి? సిన్నప్పుడు నేను పాడతా ఉంటే నువ్వు సెవులు మూసుకునేదానివి. ఊరంతా నన్ను సూత్తా ఉంటే నువ్వు నీళ్లకేసి సూసేదానివి. ఇప్పుడు కాయితం మీద రాసిచ్చేత్తే సరి, రత్నం పనికిరాదని."

ఆమె అన్నది అబద్ధమైతే కోప్పడేదాన్ని. వైద్యం చెప్పేది అదే, నా కడుపుమంట చెప్పేదీ అదే అయినప్పుడు నేను దేని మాట విన్నట్టు? మళ్లీ పుస్తకాలు తిరగేశాను. నేను చెప్పింది సరైనదే. సరైనదని తెలిసినప్పుడు కలిగిన ఊరట మాత్రం నాకు నచ్చలేదు.

దట్టమైన మంచు ఉన్న రోజుల్లో పడవలు కదలడం మానేశాయి. చేపల్లేవు. నీళ్ల దగ్గర నన్ను చూసి ఆడవాళ్లు మాట ఆపేస్తున్నారు.

పుష్య శుద్ధ త్రయోదశి

మొదట్లో మందు పనిచేసినట్టే ఉంది. అక్క కొంచెం నిద్రపోయింది. రక్తంలో లెక్క కిందికి దిగింది. తరువాత మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.

ఇవాళ జావ తాగుతుంటే కుడి మూతి పక్క నుంచి కారిపోయింది. నవ్వమన్నాను. ముఖం ఎడమకు వంకరపోయింది. కుడి కన్ను మూత పడలేదు. ముఖపు నరాన్ని జబ్బు పట్టింది.

ఆమె నా చేతిలోంచి అద్దం లాక్కుని చూసుకుంది. "పోనీలే, గూట్లో నా మొకం ఎవడు సూత్తాడు," అంది. ఆ మాట బొంగురుగా వచ్చింది.

అలివేణి ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను మాత్రం... ఇది రాయాలా వద్దా అని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ బొంగురు వినగానే, ఒక్క రెప్పపాటు, నా కడుపులో సంతోషం కదిలింది. చిన్న చేపపిల్ల కదిలినట్టు. వెంటనే మునిగిపోయింది, కాని కదిలింది.

గొంతులో గొట్టం దించి చూశాను. కుడి స్వరతంత్రి కదలడం లేదు. మింగినప్పుడు నీళ్లు ఊపిరి దారిలోకి పోతున్నాయి. ముక్కు నుంచి పొట్టలోకి గొట్టం వేసి దాంతోనే ఆహారం ఇవ్వాలన్నాను. నా చేతులు అలవాటుగానే పనిచేశాయి.

ఇక నా ఒక్క బుర్ర చాలదు. మంచు కొంచెం విడవగానే గట్టుకు పడవ పంపాను, డాక్టర్ ఇస్మాయిల్ గారిని రమ్మని. ఆయన నాకు సర్జరీ నేర్పిన గురువు.

పుష్య బహుళ షష్ఠి

ఇస్మాయిల్ గారు వచ్చారు. మేము దాచుకున్న బ్యాటరీలతో మళ్లీ స్కాన్ తీశాం. జబ్బు పుర్రె అడుగున మధ్య దాకా పాకింది.

ఆయనకు నా వైద్యమంతా చెప్పాను. అక్క పక్క మీద నుంచి వింటోంది. అడగకూడదనుకుంటూనే అడిగేశాను, "కేకగూడు ఎక్కవద్దని ఆపాను సార్. తొందరపడ్డానా?"

"తొందరా?" అన్నారాయన. "ఇంకో నెల ముందు ఆపాల్సిందమ్మా."

అక్క కళ్లు మూసుకోబోయింది. మూతపడని కుడి కంట్లోంచి నీరు కారింది. ఆ నెలంతా నేను ఆమె నొప్పిని నటన అనుకున్నాను. గెలిచానో ఓడానో నాకే తెలియలేదు.

"తుడుపులో దొరికింది చెవి పైపైన ఉన్న పురుగు," అన్నారాయన. "మందు పని చేయడం లేదంటే ఎముకలో ఇంకేదో కూర్చుని ఉంది. లోపలి ముక్క కావాలి."

మత్తిచ్చి, ముక్కు వెనక నుంచి దారి చేసుకుని, పుర్రె అడుగు ఎముకలోంచి ముక్క తీశాం. ఆ చోటు పక్కనే మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం. చివరి వెంట్రుకవాసి దూరంలో ఆయన చేతులు వణికాయి, వయసు మీద పడింది. "నువ్వు తియ్యి భాగీరథీ," అని పరికరం నాకిచ్చారు. తీశాను. ఆ కాసేపు నాకు అక్క లేదు, చెల్లి లేదు, ఊరు లేదు. తెర మీద తెల్లని ఎముక, దాని మీద బూడిద రంగు మచ్చ.

సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే కొమ్మలు కొమ్మలుగా చీలిన దారాలు. బూజు. ఆస్పర్జిల్లస్. బాక్టీరియా మందుకు అది చావదు సరికదా, ఆ మందు తోటివాటిని చంపుతుంటే ఖాళీ అయిన చోటంతా ఆక్రమించుకుంది.

బూజు చంపే మందు రేవులంకలో లేదు, గట్టు మీద ఉంది. సరంగు కామరాజు పడవలో ఇస్మాయిల్ గారు బయల్దేరారు. అదే పడవలో మందు తెస్తానని కామరాజు అక్క చేయి పట్టుకుని మాటిచ్చాడు. అతన్ని మంచులోంచి ఎన్నిసార్లు ఇంటికి చేర్చిందో ఆమెకే లెక్క లేదు.

మాఘ శుద్ధ విదియ

ఇవాళ్టి మంచులో నా చేయి చాపితే వేళ్లు కనిపించలేదు. అక్కకు జ్వరం. మాట గొణుగుడులా వస్తోంది. పొద్దెక్కాక తూర్పు నుంచి డప్పు వినిపించింది. కామరాజు. ఆగమని చెప్పేవాళ్లు లేక, తొందర కొద్దీ బయల్దేరిపోయాడు.

రేవులో జనం గుమిగూడారు. డప్పు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తోంది. అతను మేడల మధ్య చిక్కుకున్నాడు.

అక్క ముక్కులో గొట్టం పీక్కుని లేచి కూర్చుంది. "నన్ను... పైకి... ఎక్కించండి."

"నీ గొంతు నాకే వినపడట్లేదక్కా, పడవకేం వినపడుతుంది?"

"అయితే ఆడు సావాలా?"

అలివేణి గుమ్మంలో నిలబడి ఉంది. "నేను వెళ్తాను," అంది.

అక్క దాన్ని చూసింది. ఆ చూపు నేనెరుగుదును. ఏళ్ల తరబడి అద్దంలో చూసుకున్నాను. కాని అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. అక్క అలివేణిని దగ్గరికి రమ్మని, దాని చెవిలో ఏదో చెప్పి తోసింది. వెళ్లమని.

అది గూడు ఎక్కింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. డప్పు దిక్కు వింటోందని తెలుసు. అప్పుడు బాకాలోంచి గొంతు వచ్చింది. నా కూతురు మాట్లాడటం నేను రోజూ వింటాను, అన్నం పెట్టమనడం, విసుక్కోవడం. ఇది నేనెప్పుడూ వినలేదు. సన్నగా మొదలై మంచును చీల్చుకుంటూ పోయింది.

"కామరాజు మామా! తెడ్డు ఎత్తు! ఆగు! నీ కుడి పక్క మేడుంది! ఎడమకి... ఇంకా... నిదానం! ఇప్పుడు రా!"

ఒకసారి కర్ర రాసుకున్న చప్పుడు వచ్చింది. మళ్లీ డప్పు. దగ్గరగా. తరువాత మంచులోంచి పడవ ముక్కు, దాని వెనక కామరాజు, ఒళ్లో మందు పెట్టె.

జనం అరిచారు, ఏడ్చారు. అలివేణిని భుజాల మీద ఎత్తుకున్నారు. "రత్నమ్మ గొంతే! అచ్చం రత్నమ్మ గొంతే!" అన్నారు. ఆ గొంతు నా కడుపున పుట్టిందని ఒక్కరికీ తోచలేదు.

నేను పెట్టె తీసుకుని లోపలికి పరుగెత్తాను. మొదటి మోతాదు ఎక్కిస్తుంటే అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

"విన్నావా?" అన్నాను.

"ఒక సెవి మంచిదే కదే," అంది.

చైత్ర బహుళ సప్తమి

నొప్పి పోయింది. మొదట నొప్పి, తరువాత జ్వరం, ఆ తరువాత రక్తంలో లెక్క. బూజు మందు వల్ల కంటికి రంగులు తేడాగా కనిపిస్తున్నాయని, కాలేయం లెక్కలు ఒకసారి పెరిగాయని మోతాదు సర్దాను. ఎండలు రాగానే ఇంకో స్కాన్ తీశాను. ఎముక గట్టిపడుతోంది. అయినా ఇంకా చాలా నెలలు వాడాలి. ఈ జబ్బు పోయినట్టు నటించి తిరిగి వస్తుంది.

కుడి కన్ను మూత పడుతోంది. మూతి ఇంకా కొంచెం వంకరే. మింగడం వచ్చింది. మొదటి ముద్ద నేనే పెట్టాను, మెత్తగా పిసికిన చేప అన్నం. ముల్లు లేదని మూడుసార్లు చూసుకుని పెట్టాను.

స్వరతంత్రి కదలలేదు. ఎడమ తంత్రి కష్టపడి దాని దాకా వెళ్లి కలుస్తోంది. మాట్లాడగలదు. కేకేయలేదు. ఆ సంగతి నేను చెప్పకముందే అర్థం చేసుకుంది. నేను చెప్పడానికి నోరు తెరిస్తే, "తెలుసులే," అని వల అల్లుకుంటూ కూర్చుంది.

ఇన్నాళ్లూ ఇలా జరిగితే నాకెలా ఉంటుందో ఊహించుకున్నాను. దాచకుండా ఒప్పుకుంటున్నాను, ఊహించుకున్నాను. అక్కకు ఆ గొంతు లేకపోతే నేనూ ఆమె సమానమవుతామనుకున్నాను. కాలేదు. పొద్దున్నే తెప్పల మీద ఆ కేక వినబడకపోతే నాకే ఊరు ఖాళీగా అనిపిస్తోంది.

కార్తీక బహుళ నవమి

కొత్త మంచు దిగింది. పెద్దలు అలివేణికి కేకగూడు అప్పగించారు. ఇవాళే మొదటి రోజు. అక్క వస్తుందనుకున్నారు, రాలేదు. ఆస్పత్రి తెప్ప మీద నా పక్కన కూర్చుని గుడ్డ పట్టీలు చుట్టిపెడుతోంది. అలివేణి గొంతు మా తలల మీదుగా వెళ్తోంది. దక్షిణం వైపు తెప్పల నుంచి ఆడవాళ్ల మాటలు, పిల్ల ఎంత బాగా పిలిచిందమ్మా అని.

అక్క చేతిలోని పట్టీ ఆగింది.

"బాగీ," అంది, ఆ మిగిలిన గొంతుతో. "మళ్లీ వచ్చిందేటే జబ్బు?"

నేను కంగారుపడి దగ్గరికి జరిగాను. "ఎక్కడ? చెవిలోనా?"

"సెవిలో కాదు. ఇక్కడ." రొమ్ము మీద చేయి పెట్టుకుంది. "ఆ పిల్ల పిలిసినప్పుడల్లా మంట. నేను ఎత్తుకు పెంచిన పిల్లే. దానికి అన్నీ నేనే నేర్పాను. జనం దాన్ని పొగిడితే నాకు ఏడుపొస్తంది. తప్పు కదే? ఇది మనుసులకొచ్చేదేనా? దీనికేవైనా మందుందా?"

ఏమీ తెలియనట్టు మాట దాటేద్దామనుకున్నాను. ఆమె ముఖం చూశాను. నిజంగానే భయపడుతోంది. అరవై దాటిన మనిషికి ఈ నొప్పి ఇదే మొదటిసారి.

"మందు లేదక్కా," అన్నాను. "ఉంటే నేను ఎప్పుడో వేసుకునేదాన్ని."

"నీకెందుకూ?"

నేను ఇంకో పట్టీ అందుకున్నాను. ఆమెకు కొంచెం సేపు పట్టింది. గూడు ఎక్కవద్దన్న రోజున తానే అన్న మాట ఇప్పుడు కొత్తగా అర్థమైనట్టు, తల తిప్పి నన్ను చూసింది.

"ఇంతుంటదా?" అంది నెమ్మదిగా. "ఇంత మంట ఇన్నేళ్లు మోసావా? మోత్తానే నాకు ముద్ద పెట్టావా?"

"అలవాటవుతుంది. పని చేసుకుంటూ ఉంటే కొంచెం మర్చిపోతాం. మంట ఉన్నప్పుడు ఎదుటివాళ్లను సరిగ్గా చూడలేం, అంతే జాగ్రత్త పడాలి. నేను పడలేదు. నీ నొప్పి నెల్లాళ్లు నాకు కనబడలేదు."

అక్క నవ్వింది. వంకర మూతితో, బొంగురు గొంతుతో, దగ్గు కలిసిన నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం పట్టీల బుట్ట పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాం.

పైనుంచి అలివేణి మళ్లీ పిలిచింది. అక్క చెవి రిక్కించింది. "అది 'ఆగు' అనేటప్పుడు గొంతు కిందికి దించేత్తంది. మంచులో అది తేలిపోద్ది. ఎల్లి సెప్పనా? మానేయనా?"

"వెళ్లి చెప్పు."

"కుళ్లుబోతు ముసల్ది అనుకోదు కదా?"

"అనుకోదు."

లేచింది. నిచ్చెన మెల్లగా ఎక్కింది, ఒక్కో మెట్టు దగ్గర ఊపిరి తీసుకుంటూ. కాసేపటికి మంచు కొంచెం పలచబడింది. గూట్లో ఇద్దరూ కనిపించారు. అక్క ఏదో చెబుతోంది, అలివేణి అక్క నోటి దగ్గరికి వంగి వింటోంది. ఇద్దరి తలలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి.

కింద నేనొక్కదాన్నే. మళ్లీ కుళ్లొచ్చింది నాకు. మిగిలిన పట్టీలు చుట్టేసి, గుమ్మంలో చెవి నొప్పితో నిలబడ్డ పడవ మనిషిని లోపలికి రమ్మన్నాను. నొప్పి ఎప్పటి నుంచని అడిగాను. అతను చెప్పినంత సేపూ విన్నాను.